పారిస్ నెలవారీ పాస్‌లో ఎవరి వాటా ఎంత?

పారిస్‌లో ఒక పెద్ద హోటల్లో గదులు సర్దే ఉద్యోగిని ఉందనుకుందాం. ఇల్లు మాత్రం పారిస్‌లో లేదు. అక్కడి అద్దె భరించలేక, తూర్పున 40 కిలోమీటర్లు దాటిన మో అనే చిన్న పట్టణంలో ఉంటోంది. రోజూ పొద్దున్నే లోకల్ రైలెక్కి గార్ ద లెస్ట్ స్టేషన్‌లో దిగుతుంది, అక్కడినుంచి మెట్రోలో హోటల్‌కి చేరుతుంది. ఆమె పర్సులో ఉండేది ఒకే ఒక్క కార్డు. దాని పేరు నవిగో. రైలు, మెట్రో, ట్రామ్, బస్సు అన్నిటికీ అదే. 2025లో దాని ధర నెలకు 88 యూరోల 80 సెంట్లు. లెక్క తేలిగ్గా ఉండటానికి యూరోను 100 రూపాయలనుకుంటే, 8,880 రూపాయలు.

ఇంత ఖరీదా అనిపించడం సహజం. కానీ ఆ ధరలో ఆమె కట్టేది సగమే. ఫ్రాన్స్‌లో ఉద్యోగి నెలవారీ పాస్‌లో సగం డబ్బు యజమాని తిరిగివ్వాలని చట్టం చెబుతోంది. అంటే ఆమె జేబులోంచి పోయేది 44 యూరోల 40 సెంట్లు. నెలకు 22 పనిదినాలు, రోజుకు రెండు ప్రయాణాలు చొప్పున చూస్తే ఒక్కో ప్రయాణానికి ఒక యూరో, అంటే సుమారు 100 రూపాయలు. 2025లో అక్కడి కనీస వేతనం కోతలన్నీ పోగా చేతికి దాదాపు 1,426 యూరోలు వచ్చేది. అందులో ప్రయాణ ఖర్చు మూడు శాతానికి కాస్త ఎక్కువ. సెలవు రోజున ఊళ్లోకి వచ్చినా ఆమెకు అదనంగా పైసా ఖర్చుండదు.

యజమాని సగం ఇవ్వడంతో లెక్క ముగిసిపోదు. ఇంకో మొత్తం ఉంది, అది కార్డు మీద కనిపించదు. పారిస్ ప్రాంతంలో 11 మంది, అంతకు మించి ఉద్యోగులున్న దాదాపు ప్రతి సంస్థా, వారి స్థూల వేతనాల మీద కొంత శాతాన్ని ప్రజా రవాణాకు పన్నుగా కడుతుంది. ఈ పన్ను పేరు వెర్స్‌మాన్ మొబిలితే, అంటే యజమాని కట్టే రవాణా చందా. స్థూల వేతనమంటే కోతలకు ముందున్న జీతం. 2024 ఫిబ్రవరి నుంచి పారిస్ నగరంలో ఈ శాతం 3.2. రీజియన్ అంచుల్లో, రైళ్లూ బస్సులూ పలచగా ఉండే చోట, 1.6 శాతమే. సదుపాయం ఎంత దగ్గరగా ఉంటే చందా అంత ఎక్కువ.

ఉద్యోగి ఇల్లెక్కడ అన్నది ఈ పన్నుకు అక్కర్లేదు, పనిచేసే చోటే లెక్క. కాబట్టి మన హోటల్ ఉద్యోగినికి 3.2 శాతమే వర్తిస్తుంది. కనీస వేతనం కోతలకు ముందు 1,801 యూరోల 80 సెంట్లు, దాని మీద 57 యూరోల 66 సెంట్లు. ఇప్పుడు మూడూ కలుపుదాం. ఆమె 44.40, పాస్‌లో యజమాని వాటా 44.40, యజమాని పన్ను 57.66. ఆమె ఉద్యోగం పేరు మీద రవాణాకు చేరేది నెలకు 146 యూరోల 46 సెంట్లు. అందులో ఆమె వాటా 30 శాతం, హోటల్ వాటా 70 శాతం. అదే హోటల్లో 6,000 యూరోల స్థూల వేతనం తీసుకునే మేనేజరు కూడా అదే 88.80 పాసే కొంటాడు. అతని జీతం మీద హోటల్ కట్టే చందా మాత్రం 192 యూరోలు. పాస్ ధర ఇద్దరికీ ఒకటే అయినా, వెనక చందా జీతాన్ని బట్టి మారుతోంది. ఈ ఏర్పాటులో నాకు అన్నిటికంటే న్యాయంగా తోచేది ఇదే.

విడివిడిగా చూసిన ఈ లెక్క మొత్తం రీజియన్‌కు ఎలా ఉంటుంది? పారిస్, దాని చుట్టుపక్కల జిల్లాలు కలిసిన ప్రాంతాన్ని ఇల్-ద-ఫ్రాన్స్ అంటారు. జనాభా కోటీ 20 లక్షల పైచిలుకు. ఇక్కడ రైళ్లూ బస్సులూ నడపడానికి అయ్యే ప్రతి 100 రూపాయల్లో దాదాపు సగం యజమానుల పన్ను నుంచే వస్తుంది. టికెట్లూ పాసులూ కలిపి మూడో వంతుకు అటూఇటూగా తెస్తాయి. ఆ మూడో వంతులోనూ యజమానులు తిరిగిచ్చే సగం కలిసే ఉంటుందని మరిచిపోకూడదు. సుమారు ఎనిమిదో వంతు రీజియన్, పారిస్ నగరం, జిల్లాల బడ్జెట్లది. మిగిలింది ప్రకటనల ఆదాయం, జరిమానాలు వంటి చిల్లర పద్దులు.

అసలు యజమానుల్ని ఎందుకు పట్టుకున్నారు? ఈ ఆలోచన 1971 నాటిది. అప్పటికి పారిస్ శివార్లు వేగంగా పెరుగుతున్నాయి, కార్ల రద్దీ మించిపోయింది, మెట్రోకి పెట్టుబడి చాలడం లేదు. టికెట్ ధర పెంచితే కార్మికులు కన్నెర్రజేస్తారు, పెంచకపోతే ఖజానా ఖాళీ అవుతుంది. ఆ ఏడాది జులైలో చేసిన చట్టం మూడో దారి చూపింది. నగరం నడిబొడ్డున ఆఫీసు పెట్టుకుని 40 కిలోమీటర్ల అవతలినుంచి మనుషుల్ని రప్పించుకోగలుగుతున్నది ఎవరు? రైలు వల్ల లాభపడే ఆ సంస్థే అందులో కొంత భరించాలన్నది వాదన. మొదట పారిస్ ప్రాంతానికే పరిమితమైన ఈ పన్నును 1973 నుంచి ఇతర పెద్ద నగరాలకూ విస్తరించారు. ఇవాళ ఫ్రాన్స్‌లో ట్రామ్ పట్టాలు మళ్లీ కనిపిస్తున్న ఊళ్లన్నిటి వెనకా ఈ డబ్బుంది.

యజమాని ఆ భారాన్ని చివరికి జీతాల మీదే వేయడా? కొంత వేస్తాడు. వేతనం మీద వేసిన ఏ పన్నయినా కాలక్రమంలో జీతాల పెంపును కొంత నెమ్మదింపజేస్తుందని ఆర్థికవేత్తలు చెప్పేదే. కానీ చట్టబద్ధ కనీస వేతనం తీసుకునేవారి జీతాన్ని తగ్గించే వీల్లేదు. అంటే మన ఉద్యోగిని లాంటివారికి ఈ రక్షణ నిజమైనదే, పై జీతాలవారి దగ్గరే భారం పంచుకోవడం జరుగుతుంది. ఇంకో చిక్కు కూడా ఉంది. ఈ పన్ను గరిష్ఠ శాతాన్ని పారిస్ సొంతంగా పెంచుకోలేదు, దేశ పార్లమెంటు ఒప్పుకోవాలి. 2024 పెంపుకు ముందు రీజియన్ అధ్యక్షురాలు వలెరీ పెక్రెస్‌కూ కేంద్ర ప్రభుత్వానికీ మధ్య నెలల తరబడి బేరం నడిచింది, 2023 సెప్టెంబరులో గానీ తేలలేదు.

డబ్బు ఎక్కడినుంచి వస్తుందో చూశాం. దాన్ని ఎవరు ఖర్చుపెడతారన్నది చాలామంది పొరబడే చోటు. పారిస్ మెట్రోని ఆర్ఏటీపీ అనే ప్రభుత్వ సంస్థ నడుపుతుంది, శివారు రైళ్లను ఫ్రాన్స్ జాతీయ రైల్వే ఎస్ఎన్‌సీఎఫ్ నడుపుతుంది, అనేక బస్సుల్ని ట్రాన్స్‌డెవ్, కియోలిస్ వంటి కంపెనీలు నడుపుతాయి. అయినా ఏ లైను ఎక్కడ వేయాలి, ఎన్ని నిమిషాలకో బండి, టికెట్ ఎంత అన్నవి వీళ్లెవరూ తేల్చరు. అవన్నీ ఇల్-ద-ఫ్రాన్స్ మొబిలితే అనే సంస్థ చేతిలో ఉంటాయి. దాని పాలకమండలిలో ఎక్కువమంది రీజియన్, పారిస్ నగరం, జిల్లాల ఎన్నికైన ప్రతినిధులే. చందా డబ్బూ టికెట్ డబ్బూ దాని ఖాతాకే చేరతాయి, కొత్త రైలు పెట్టెలకూ అదే డబ్బు పెడుతుంది. పెళ్లింట్లో భోజనాల ఏర్పాటు ఎలా ఉంటుందో ఇదీ అంతే: ఏం వండాలో, ఎంతమందికో ఇంటివాళ్లు చెబుతారు, వంటమేస్త్రి వండుతాడు, ముందు మాట్లాడుకున్న డబ్బు పుచ్చుకుంటాడు.

ఈ ముందు మాట్లాడుకున్న దాన్ని ప్రజాసేవ ఒప్పందం అంటారు. యూరోపియన్ యూనియన్ 2007లో చేసిన నిబంధన, సంఖ్య 1370, దీనికి ఆధారం. నష్టం వచ్చే మార్గంలో బండి నడపమని ప్రభుత్వం అడిగితే, ఆ నష్టాన్ని ఒప్పందం రాసుకుని భర్తీ చేయాలి. ఆ భర్తీ ఖర్చుకూ సమంజసమైన లాభానికీ మించకూడదు. ఒప్పందం గడువు మామూలుగా బస్సులకు 10 ఏళ్లు, రైళ్లకు 15 ఏళ్లకు మించరాదు. పారిస్ ఒప్పందాల్లో ఇంకో మెలిక ఉంది. బండ్లు వేళకు రాకపోయినా, స్టేషన్ శుభ్రంగా లేకపోయినా చెల్లింపులో కోత పడుతుంది, బాగా నడిస్తే అదనం వస్తుంది.

అందుకే "మెట్రో లాభాల్లో ఉందా, నష్టాల్లో ఉందా" అన్న ప్రశ్నకు పారిస్‌లో పెద్దగా అర్థం లేదు. ఒప్పందం ప్రకారం డబ్బు పుచ్చుకుని ఆర్ఏటీపీ ఒక ఏడాది మిగులు చూపించవచ్చు, మరో ఏడాది లోటు చూపించవచ్చు. టికెట్ డబ్బుతో పోల్చి ఇది నష్టం అంటే, మునిసిపాలిటీ వీధిదీపాలు కూడా నష్టంలోనే ఉన్నాయనాలి. అక్కడివాళ్లు వాదించుకునేది ఎవరు ఎంత భరించాలన్న దాని మీద.

నడిపే పని ఎవరికివ్వాలన్న దానిలోనూ పెద్ద మార్పు సాగుతోంది. 1949 నుంచి దశాబ్దాల పాటు పారిస్ బస్సులన్నీ ఆర్ఏటీపీవే. ఇటీవల బస్ డిపోలను వేలంలో పెట్టారు, ఆర్ఏటీపీ కూడా మిగతా కంపెనీలతో పాటే పోటీపడింది. ట్రాముల వంతు 2029 ఆఖర్న వస్తుంది, పాత మెట్రో లైన్ల వంతు 2039 ఆఖర్న. వేల మంది ఉద్యోగుల సర్వీసు షరతులు మారే వ్యవహారం ఇది. బస్సుల్లో ఈ మార్పు మీద డ్రైవర్ల సంఘాలు గట్టిగానే పోరాడాయి, వాళ్ల భయం నిరాధారం కాదు. వేలంలో గెలవాలంటే తగ్గించగల పెద్ద ఖర్చు మనుషుల పనిగంటలే మరి.

ఇక్కడ హైదరాబాద్‌కు నేరుగా ఒక ముడి ఉంది. మన మెట్రో రైళ్లను నడిపే కాంట్రాక్టు 2012లో కియోలిస్‌కే దక్కింది, అందులో పెద్ద వాటాదారు ఎస్ఎన్‌సీఎఫ్. ఒకే కంపెనీ రెండు చోట్లా బండ్లు నడిపినా డబ్బు దారులు వేరు. హైదరాబాద్‌లో ప్రభుత్వ, ప్రైవేటు భాగస్వామ్యం కింద ఎల్ అండ్ టీ కట్టింది, టికెట్లూ స్టేషన్ల దగ్గరి మాల్స్ అద్దెలూ కలిసి అప్పు తీర్చాలన్నది మొదటి అంచనా. హైటెక్ సిటీ కంపెనీలకు రోజూ ఎంతోమందిని చేరవేస్తున్నా, ఆ కంపెనీల జీతాల పద్దు నుంచి మెట్రోకి క్రమం తప్పకుండా వచ్చే చందా అంటూ లేదు. మెట్రో అప్పుల గురించి మన దగ్గర జరిగే చర్చల్లో ఈ తేడా ఎక్కువసార్లు వినిపించాలని నా కోరిక.

కొత్త లైన్ల నిర్మాణం సంగతి వేరు. నెలవారీ పాస్ డబ్బుతో సొరంగాలు తవ్వలేరు. పారిస్ చుట్టూ ఇప్పుడు గ్రాండ్ పారిస్ ఎక్స్‌ప్రెస్ పేరుతో 200 కిలోమీటర్ల కొత్త మెట్రో కడుతున్నారు. 68 స్టేషన్లు, నాలుగు కొత్త లైన్లు, ఉన్న 14వ లైనుకు పొడిగింపు. అంచనా వ్యయం 36 బిలియన్ యూరోల దరిదాపు, అంటే మూడున్నర లక్షల కోట్ల రూపాయల పైమాట. రీజియన్ జనాభాకు పంచితే తలకు 3,000 యూరోలు. నలుగురున్న ఇంటికి 12 లక్షల రూపాయలు. ఒక్కసారి కట్టమంటే ఎవరూ కట్టలేరు, కాబట్టి 2010లో దీనికోసమే ఒక ప్రభుత్వ సంస్థను పెట్టి, బాండ్ల మీద అప్పు తెచ్చి, దశాబ్దాల పాటు తీర్చేలా ఏర్పాటు చేశారు. తీర్చడానికి కేటాయించిన పన్నుల్లో ముఖ్యమైనది ఆఫీసు స్థలాల మీద చదరపు మీటరు లెక్కన వేసేది. మెట్రో వస్తే ఎవరి భవనం విలువ పెరుగుతుందో వారి దగ్గరే వసూలు చేస్తారు.

ఐరోపా అంతా పారిస్ లాగే ఉంటుందా అంటే ఉండదు. లండన్ దాదాపు వ్యతిరేక దారిలో నడిచింది. అక్కడ రూట్లూ ధరలూ ఒకే సంస్థ చేతిలో ఉండటం, ఎర్ర బస్సుల్ని ప్రైవేటు కంపెనీలు ఒప్పందం మీద నడపడం పారిస్‌ను పోలినవే. కానీ డబ్బు ఎక్కువగా ప్రయాణికులదే. నడిపే ఖర్చుకు కేంద్రం ఇచ్చే గ్రాంటు 2018లో ఆగిపోయింది, ఆదాయంలో సుమారు 70 శాతం టికెట్ల మీద ఆధారపడింది. కరోనా వచ్చాక 2020 ఏప్రిల్‌లో భూగర్భ రైళ్లలో ప్రయాణికులు మామూలులో 20వ వంతుకు పడిపోయారు. మే నెలలో ప్రభుత్వం 1.6 బిలియన్ పౌండ్లతో ఆదుకోవాల్సి వచ్చింది, ఆ తర్వాత కూడా చాలాసార్లు. పారిస్‌కూ దెబ్బ తగిలింది, 2020 జులైలో ఆర్ఏటీపీకీ ఎస్ఎన్‌సీఎఫ్‌కూ చెల్లింపులు ఆపేస్తామని రీజియన్ ప్రకటించేదాకా వెళ్లింది. అయినా జీతాల పద్దు నుంచి వచ్చే డబ్బు టికెట్ డబ్బులా ఒక్క నెలలో ఆవిరి కాలేదు. ఒకే కాలు మీద నిలబడిన వ్యవస్థకూ రెండు మూడు కాళ్లున్న దానికీ తేడా ఆ ఏడాది బయటపడింది.

వియన్నా దారి ధర మీద నడిచింది. 2012 మేలో ఏడాది పాస్‌ను 449 యూరోల నుంచి 365కు తగ్గించారు, రోజుకు ఒక్క యూరో. అంతకుముందు నాలుగు లక్షలకు లోపున్న వార్షిక పాసులు 2019 నాటికి ఎనిమిది లక్షలు దాటాయి. ఊరి జనాభా అప్పట్లో 19 లక్షలు. తగ్గిన ధర ఊరికే రాలేదు: అదే ఏడాది ఒక్కో ఉద్యోగికి వారానికి 72 సెంట్లుగా ఉన్న యజమాని పన్నును 2 యూరోలు చేశారు, పార్కింగ్ ఫీజులూ పెంచారు. వియన్నా కథ చెప్పేవాళ్లు 365 దగ్గరే ఆపేస్తుంటారు. 13 ఏళ్లకు పైగా ధర కదలలేదు, ఈలోగా జీతాల ఖర్చూ కరెంటు ఖర్చూ పెరిగాయి, చివరికి 2026 జనవరిలో అది ఒక్కసారిగా 467 అయింది. ఏటా కొంచెం పెంచి ఉంటే ఇంత గట్టిగా తగిలేది కాదని నా అభిప్రాయం.

జర్మనీలో చదువుకుంటున్న పిల్లలున్న తెలుగు ఇళ్లల్లో "డాయిచ్‌లాండ్ టికెట్" మాట వినే ఉంటారు. దాని వెనక పాత సంగతి ఒకటుంది. 1965లో హాంబర్గ్‌లో వేర్వేరు కంపెనీల రైళ్లనూ బస్సుల్నీ ఒకే టికెట్ కిందికి తెచ్చే సమాఖ్య ఏర్పడింది, అలాంటి రవాణా సమాఖ్య ప్రపంచంలో అదే మొదటిది. ఏ కంపెనీ బండి ఎంతమంది ఎక్కారో లెక్కగట్టి డబ్బు పంచుకుంటారు. తర్వాత దేశమంతా ఇలాంటి సమాఖ్యలు పుట్టాయి, వాటి ధరలూ సరిహద్దులూ ఒక చిక్కుముడి అయ్యాయి. 2023 మే నుంచి నెలకు 49 యూరోలకే దేశంలోని లోకల్, ప్రాంతీయ రైళ్లూ బస్సులన్నీ ఎక్కే టికెట్ ఆ ముడిని ప్రయాణికుడి వరకు విప్పింది. 2025లో అది 58 అయింది, 2026లో 63. విశ్వవిద్యాలయం ఒప్పందం చేసుకుంటే విద్యార్థికి అందులో 60 శాతమే, అంటే 37 యూరోల 80 సెంట్లు.

సమాఖ్యలకు తగ్గిన రాబడిని కేంద్రం ఏటా 1.5 బిలియన్, రాష్ట్రాలు మరో 1.5 బిలియన్ యూరోలు ఇచ్చి పూడుస్తున్నాయి. జర్మనీ జనాభాకు పంచితే తలకు ఏడాదికి 36 యూరోలు, నలుగురున్న ఇంటికి 14,400 రూపాయలు. ఆ ఇంట్లో ఒక్కరైనా రోజూ రైలెక్కితే లాభమే. బస్సే రాని పల్లెలోని ఇంటికి మాత్రం ఇది గిట్టదు, అక్కడివాళ్లు ముందు మా ఊరికి బస్సు వేయండి, తర్వాత టికెట్ తగ్గించండి అంటున్నారు. వాళ్లు అడిగేది సబబే.

ఇన్ని చోట్ల ఇంత డబ్బు పోస్తున్నప్పుడు ఉచితం చేసేస్తే పోలేదా అన్నది చివరి సందేహం. చేసినవాళ్లున్నారు. ఎస్టోనియా రాజధాని టాలిన్ 2013 నుంచి తన ఊళ్లో నమోదైన నివాసులకు ఉచితం చేసింది. అక్కడ ఆదాయపు పన్నులో ఒక భాగం నమోదైన ఊరికే చేరుతుంది, కాబట్టి ఉచిత ప్రయాణం కోసం పేరు నమోదు చేసుకున్న ప్రతి ఒక్కరూ నగరానికి కొంత పన్ను వెంట తెచ్చారు. లక్సెంబర్గ్ 2020లో దేశమంతా ఉచితం చేసింది. అక్కడ టికెట్లు ఖర్చులో పదో వంతు కూడా తెచ్చేవి కావు, వదులుకోవడం తేలికైంది. ఫ్రాన్స్‌లోనే మోంపెల్యే నగర ప్రాంతం 2023 డిసెంబరులో తన నివాసులకు ఉచితం చేసింది, అక్కడ ఆదుకున్నది ఇదే యజమానుల చందా. పారిస్‌లో టికెట్లంటే ఏటా కొన్ని బిలియన్ల యూరోలు. వాటిని వదులుకోవాలంటే యజమానుల శాతాన్ని సగానికి పైగా పెంచాలి, లేదా రీజియన్, నగరం, జిల్లాల బడ్జెట్లు ఇప్పటికి మూడింతలకు పైగా కట్టాలి. పైగా పొద్దున ఎనిమిదింటికి 13వ లైను మెట్రోలో నిలబడటానికే చోటుండదు. ఆ డబ్బే ఉంటే ముందు ఇంకో రైలు కొనాలని, ఆ రైలెక్కేవాళ్లలో ఎవర్ని అడిగినా చెబుతారు.